కత్తికి తేనె పోసే వీరుల వాడకి

మా అబ్బాయి అప్పన్న టాటానగర్ వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడ ఉక్కు కొలిమి దగ్గర పని. ఇన్నేళ్లలో నేను రెండుసార్లే వెళ్లాను, రెండుసార్లూ కోడలి పురుళ్లకే. మూడోసారి వెళ్లింది మాత్రం ఒక కత్తి కోసం.

నా మనవరాలు నీల ఒక తేగ్వాలీ కుర్రాణ్ణి చేసుకుంటానని మొండికేసి కూర్చుంది. మా అప్పన్న అవుననలేడు, కాదనలేడు. చిన్నప్పుడూ అంతే, దోసకాయ చేదో కాదో నేను కొరికి చెబితే గాని నోట పెట్టేవాడు కాదు. సెలవు మీద వచ్చిన మా ఊరి రైల్వే గేంగుమాను రాములు చేత కబురంపాడు. "మాయమ్మ వచ్చి ఇత్తానంటే ఇత్తాను, ఇవ్వనంటే ఇవ్వను" అన్నాట్ట. ఇవ్వనని నేను ఆ పూటే అనుకున్నాను. కానీ చూడకుండా కాదనడం తప్పు కదా. చూసి కాదందామని బయల్దేరాను.

తేగ్వాలీలంటే ఎవరో మన వైపు తెలియదు గనుక చెబుతున్నాను. ఎక్కడో ఉత్తరాన మంచు కొండల్లో ఉండేవారట. తరతరాలుగా యుద్ధాలు తప్ప వేరే పని చేయలేదట. రాజులు పోయాక కొండ దిగి వచ్చి, టాటానగర్‌లో గోవింద్‌పూర్ అవతల ఒక మిట్ట మీద వాడ కట్టుకుని ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కాపలా ఉద్యోగాల్లో చేరారు. మీలో ఎవరికైనా అటు చుట్టరికం కలిసే ప్రమాదం ఉంటే ఈ నాలుగు ముక్కలూ పనికొస్తాయి.

పలాసలో సాయంత్రం మెయిలెక్కాను. ఆడవాళ్ల పెట్టెలో చోటు దొరికింది. దారికి దిబ్బరొట్టె, బెల్లం ముక్క, ఒక సీసాడు మజ్జిగ తెచ్చుకున్నాను. రైల్లో అమ్మేవి కొనకండి. కొన్న తిండికి ఆకలి రెండింతలవుతుంది. నా పక్కన టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే గున్నమ్మ అనే ఆమె కూర్చుంది. ఆమె భర్త అక్కడ రైల్వేలో ఫిట్టరు.

"ఏటి మామ్మా, ఒక్కదానివే వత్తన్నావా? తోడెవరూ లేరా?" అంది.

"నాకు మూట తోడు, మూటకి నాను తోడు" అన్నాను.

పని ఫలానా అని చెప్పగానే ఆమె బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా, తేగ్వాలీలకా! ఆళ్ల మీసాలకి రాసిన నెయ్యి మన పోపుల్లో పోత్తే ఏడాది గడిసిపోద్ది మామ్మా."

"ఆడోళ్లని కొడతారా?"

"కొట్టరు. సెప్తారు."

"ఏటి సెప్తారు?"

"యుద్ధాలు. కూడు సల్లారిపోయీదాకా సెప్తారు. మా పక్కింట్లో ఒకడుండీవోడు. ఆడి పెళ్లాం ఏనాడూ ఏడి కూడు తిన్లేదు."

పెట్టెలో ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. చల్లారిన అన్నం నవ్వులాట కాదు.

తెల్లారేసరికి ఖరగ్‌పూర్. అక్కడ దిగి బండి మారాలి. ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, మా ఊళ్లో అంత నేల ఉన్నవాడు ఆసామీ కింద లెక్క. కూలీలు మూట మీద చెయ్యి వేస్తారు, వేయనివ్వకండి. మట్టి ముంతలో టీ ఇచ్చి, తాగాక ముంత పారేయమంటారు. నేను కడిగి మూటలో పెట్టుకున్నాను, మిరియాలు పోసుకోవడానికి బాగుంటుంది. ప్యాసింజరు అన్ని చోట్లా ఆగుతూ, ఆగినచోటల్లా ఆలోచిస్తూ, ఎర్ర నేలల మీదుగా, సాలచెట్ల మధ్య నుంచి మిట్టమధ్యాహ్నానికి టాటానగర్ చేర్చింది.

స్టేషనుకి అప్పన్నతో పాటు ఆ పెళ్లికొడుకూ వచ్చాడు. పేరు బల్బీర్. లారీల ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేతు మీద పని. మనిషి పొడుగు, మీసం ఇంకా పొడుగు. వంగి నా కాళ్లకు దండం పెట్టి, అదే వంగడంలో మూట కూడా అందుకోబోయాడు. నేను వదల్లేదు. బంధుత్వం కలిస్తే మూట ఇవ్వొచ్చు, మూట ఇచ్చి బంధుత్వం కలుపుకోవడం నాకు అలవాటు లేదు. సిద్ధగోరాలో మా వాడి ఇంటిదాకా నా మూట నా ఒళ్లోనే ఉంది.

నీల కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, "దాదీ, ఏక్ బార్ దేఖ్ తో లో నా" అంటూ, ఒక్కసారి చూసైనా చూడమని, హిందీ మొదలుపెట్టింది.

"ఒలే గుంటా, పెళ్లి అడుగుతున్నావు. కనీసం తెలుగులో అడుగు" అన్నాను.

అది తల దించుకుంది. "మామ్మా, ఆడు మంచోడు" అంది. అంతకంటే తెలుగు దానికి దొరకలేదు. ఆ మూడు మాటలకే కళ్లు నిండాయి. నేను చూడనట్టు చెంబు తోముతూ కూర్చున్నాను.

రాత్రి అన్నాలయ్యాక అప్పన్న అసలు సంగతి చెప్పాడు. తేగ్వాలీల్లో పిల్లనడిగే రోజున, పెళ్లికొడుకు ఇంటి కత్తిని పిల్ల తరఫు పెద్ద మనిషి ఒరలోంచి లాగాలట. లాగితే పిల్లను ఇచ్చినట్టు. కత్తి రాకపోతే వాళ్ల పూర్వీకులు కాదన్నట్టు. ఇక ఆ సంబంధం మాట ఎవరూ ఎత్తకూడదు.

"నువ్వే లాగాలమా" అన్నాడు.

"నాను లాగలేకపోతే?"

"లేనట్టే మరి."

నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఏడుపు చూడక్కర్లేదు, కొడుకుతో మాట పడక్కర్లేదు. ముసలి చేతులతో మెల్లగా లాగి, రావట్లేదు నాయనా అనేస్తే సరి. తేగ్వాలీల ఆచారాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే నీలని కూడా తీసుకుని సాక్చీ వెళ్లి, అక్కడ గోవింద్‌పూర్ బస్సెక్కాం. బస్సు నిండా డ్యూటీకి పోయే జనం, టిఫిన్ డబ్బాలు, హిందీ. దిగాక మిట్ట ఎక్కడానికి నడకే.

వాడలో ప్రతి గుమ్మం పైనా ఒక కత్తి వేలాడుతుంది. గుమ్మాలు పొట్టిగా కట్టుకున్నారు. లోపలికి వెళ్లేవాడు ఎవడైనా కత్తికి తల వంచాలని. నేను ఎలాగూ పొట్టిదాన్ని, నిటారుగానే వెళ్లాను. అరుగుల మీద మగవాళ్లు నులక మంచాలు వేసుకుని, వీపు గోడకి ఆనించి, శత్రువు ఏ వైపు నుంచి వస్తాడో అన్నట్టు దారికేసి చూస్తూ కూర్చున్నారు. నేను ఉన్నంతసేపట్లో వచ్చిన శత్రువు ఒక మేక. అది వాళ్ల మందార మొక్క మొదలంటా తిని వెళ్లింది. ఒక్కడూ లేవలేదు. అదే దారిన ఆడవాళ్లు కింద బోరింగు నుంచి నెత్తిన రెండేసి బిందెలతో మిట్ట ఎక్కుతున్నారు. వాళ్లకు తప్పుకోవడానికి కూడా వీరులు కాళ్లు ముడవలేదు.

బల్బీర్ తాత వాడకి పెద్ద. ముఖియా అంటారు. తెల్లటి మీసం చెవుల దాకా తిప్పి ఉంది. మమ్మల్ని కూర్చోబెట్టి ఫలహారం ముందు పెట్టించాడు. పూరీలు, బంగాళాదుంప కూర, పొగలు కక్కుతున్నాయి. నేను చెయ్యి చాపబోతే అప్పన్న మోచేత్తో పొడిచాడు. ముఖియా లేచి నిలబడి తాతలు చేసిన యుద్ధాలు ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి యుద్ధానికీ అరుగు మీది మగవాళ్లు "హో" అంటారు. గున్నమ్మ అబద్ధమాడలేదు. పూరీ పొంగు దిగింది, కూర మీద నెయ్యి తెట్టు కట్టింది. తలుపు వెనక ఆడవాళ్లు గోడకి జారబడి నిలబడి ఉన్నారు. మగవాళ్లు తిన్నాక గాని వాళ్లకు తిండి లేదు.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నేనడిగాను. "అన్నీ గెలిసినోళ్లు, మరిక్కడ గేట్లు కాయడానికి ఎందుకొచ్చారో అడగరా అప్పన్నా."

"అమా, ఊరుకో" అన్నాడు అప్పన్న.

తలుపు వెనక నుంచి ఎవరో ముక్కుతో నవ్వారు. ముఖియా ఏమిటని అడిగితే నీలే హిందీలో చెప్పింది. ఆయనకు కోపం రాలేదు. చాలాసార్లు చెప్పిన జవాబులా చెప్పాడు. నీల నాకు తెలుగు చేసింది. "ఆళ్లు ఎప్పుడూ ఓడిపోలేదంట మామ్మా. కొండ దిగొచ్చారంట."

పెద్ద గొప్పే. మా ఊళ్లో పంట పోయినవాడు కూడా గింజలు భూమికి దానమిచ్చానని చెప్పుకోవచ్చు అన్నమాట.

ఇంకో వింత విన్నాను. తేగ్వాలీ మగవాడు ఇంట్లో కత్తిపీట గాని, చాకు గాని ముట్టకూడదట. యుద్ధం ఎరిగిన చేతులు కూరగాయల మీదికి దిగితే ఇనుము అలుగుతుందట. బల్బీర్‌కి ఫ్యాక్టరీలో రోజంతా ఇనుముతోనే పని. అక్కడ అలగని ఇనుము ఇంట్లో వంకాయ దగ్గర అలుగుతుంది!

చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్లాను. అక్కడ పొయ్యి చాటున, తలుపు దగ్గరగా వేసి, నా కాబోయే మనవడు గొంతుక్కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూడగానే చాకు వెనక్కి దాచాడు, బెల్లం దొంగలా. వాళ్లమ్మ జమున తలుపు దగ్గర కాపలా ఉంది. ఇందాక ముక్కుతో నవ్వింది ఈమే. పెళ్లికి ముందు ఈ ఊళ్లోనే భుయాడీలో తెలుగువాళ్ల పక్కింట్లో పెరిగిందట, మన మాట వచ్చు. పిలుపు మాత్రం మాజీ, అంటే అమ్మగారూ అని.

"మాజీ, ఎవరికీ సెప్పొద్దు. నాకు కీళ్ల నొప్పి. ఈడే కోస్తాడు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఈడు చిన్నగా ఉన్నప్పట్నుంచి. వాళ్ల తాతకి తెలీదు."

అన్ని యుద్ధాలు గెలిచిన వంశంలో పుట్టి, ఉల్లిపాయ కోయడానికి తలుపు చాటుకు చేరిన వీరుడు. ముక్కలు మాత్రం సన్నగా, ఒక్క తీరుగా ఉన్నాయి.

జమున నా చేతికి నీళ్లు పోస్తూ గొంతు తగ్గించింది. "మాజీ, ఇంకో మాట. మా పెళ్లిళ్లలో చిన్న కత్తి పెడతారు. పిల్లలు లాగినా వచ్చేస్తది. ఇయ్యాళ మావగారు గుమ్మం మీది పెద్ద కత్తి దింపారు. అది రాదు. నేను కాపురానికొచ్చాక ఎప్పుడూ బయటికి రాలేదు."

"ఎందుకు రాదు?"

"ప్రతి దసరాకీ ఒర నోట్లో పాలు, నెయ్యి, తేనె పోస్తారు. స్నానం."

"లాగకుండానే పోత్తారా?"

"లాగితే రక్తం అడుగుద్ది మాజీ. అందుకని లాగరు."

లాగరు, కడగరు, ఎండబెట్టరు. ఏటా పాలూ తేనే పోసి మూత పెడతారు. పచ్చడి జాడీకి చేసే పాటి మర్యాద కూడా కత్తికి లేదు. ఇలాంటి పొరపాటు చేయాలంటే తేగ్వాలీగా పుట్టాలి.

"మరి ఇయ్యాళ ఆ పెద్దది ఎందుకు?"

"మావగారికి మీ పిల్ల వద్దు. కాదంటే ఈడు ఇల్లు వదిలేసి పోతాడని భయం. కత్తే కాదంటే ఎవరి మీదా మాట రాదు కదా."

నా ఒంట్లో ఉన్న రక్తమంతా నెత్తికెక్కింది. ఆ ముసలాడి ఎత్తూ నా ఎత్తూ ఒక్కటే. అదే నాకు మంట. ఈ సంబంధం కాదనాలనుకున్నది నేను. మధ్యలో వీడెవడు, వీడి తేనె కత్తి ఎవరు?

అందరూ వాకిట్లో చేరారు. ముఖియా కత్తిని రెండు చేతులా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మీసం కింద చిన్న నవ్వు. అంత పొడుగు కత్తికి ఉండవలసిన బరువు లేదు, అప్పుడు పట్టించుకోలేదు. నేను పిడి పట్టి లాగాను. కదల్లేదు. మళ్లీ లాగాను. మంచం మీది ఒకడు ఏదో అన్నాడు, మగవాళ్లంతా భళ్లున నవ్వారు.

"ఏటంటన్నాడు?"

నీల చెప్పలేదు. బల్బీరే వచ్చీరాని తెలుగులో, తల వంచుకుని చెప్పాడు. "అన్నం తినే చేతులు, బలం లేదు... అన్నాడు, మామ్మా."

నీల మొహం చూశాను. నవ్వుతున్నవాళ్ల మధ్య, పెదవి బిగబట్టి, నా చేతులకేసే చూస్తోంది. లాగితే ఇచ్చినట్టని నాకు తెలుసు. ఒళ్లోంచి దించేస్తే నేను కోరుకున్నదే జరుగుతుందనీ తెలుసు. కానీ మా పిల్లను కాదనాలంటే నోరున్న మనిషి కాదనాలి. తుప్పు కాదనడానికి వీల్లేదు.

"ఒలే నీలా, మసులుతున్న నీళ్లు అట్టుకురా" అన్నాను.

నీల కంటే ముందు జమునే తెచ్చింది. ముఖియా అడ్డం వచ్చాడు, కత్తి మీద నీళ్లేమిటని.

"పాలు పొయ్యొచ్చు, తేనె పొయ్యొచ్చు, నీళ్లు పొయ్యకూడదని మీ తాతలు ఏ యుద్ధంలో సెప్పారో అడగరా అప్పన్నా!"

ఈసారి మా వాడు వెనకాడకుండా చెప్పాడు. ముఖియా పక్కకు తప్పుకున్నాడు. ఒర మూతి నుంచి పొడుగునా నీళ్లు పోశాను. గోధుమరంగు జిగురు కారింది. దాని వెనకే చీమలు. వరుస తప్పకుండా, ఒకదాని వెనక ఒకటి, ఆ కత్తిలోంచి ఆ రోజు కదిలి వచ్చిన సైన్యం అదొక్కటే. ఒరని రెండు పాదాల మధ్య తొక్కిపట్టి, బావి గట్టున ఇరుక్కున్న చేదతాడు లాగినట్టు ఒంటి బరువంతా వేసి లాగాను. వెల్లకిలా పడ్డాను. కత్తి నా చేతిలో ఉంది.

పిడి ఉంది, దాని చివర జానెడు ఇనుము ఉంది. అంతే. మిగతా కత్తి లేదు. అప్పన్న ఒర తిరగేసి దులిపాడు. పాకం పడింది గాని ఇనుము పడలేదు. విరిగిన చోట తుప్పు ఎంత పాతదంటే, అది ఆ కొండ మీదే, ఆ ఓడిపోని యుద్ధాల్లో ఒకదాంట్లో విరిగి ఉండాలి. అందుకే కాబోలు లాగకూడదని ఎవరో తెలివైనవాడు ఆచారం పెట్టాడు. తర్వాతవాళ్లు ఆచారం ఉంచుకుని కారణం మర్చిపోయారు.

ముందు జమున నవ్వింది. తర్వాత తలుపు వెనక ఆడవాళ్లు ఒక్కరొక్కరే, చల్లారిన పూరీలన్నిటికీ కలిపి నవ్వారు.

ముఖియా నా చేతిలోని ముక్కకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు కాదంటాడు, చెల్లదంటాడు అనుకున్నాను. అంటే నాకూ సుఖమే, మా పిల్ల పరువు నిలిచింది, సంబంధం తప్పింది. ఆయన అనలేదు. వచ్చి నా ముందు కూర్చుని, మెల్లగా ఏదో చెప్పాడు. నీల తెలుగు చేసింది. "కత్తి బయటికొచ్చిందంట మామ్మా. ఎంత ఉందని ఆచారం అడగదంట. వచ్చిందంటే వచ్చినట్టేనంట."

లాగిన కత్తి రక్తం చూడాలి కదా. పెళ్లికొడుకు ముందుకొచ్చి వేలు చాపాడు. ముసలాయన ఆ చెయ్యి పక్కకు నెట్టి, తన బొటనవేలే ఆ విరిగిన అంచుకు అదిమాడు. అది మొద్దు ఇనుము. తెగడానికి చాలాసేపు పట్టింది. మొహం మాత్రం కదల్లేదు. ఆ రక్తంతో మనవడికి, మా నీలకి బొట్టు పెట్టాడు. ఆ మనుషుల మీద నాకున్న చిన్నచూపు ఎక్కడికీ పోలేదు. ఆ బొటనవేలంత తగ్గింది.

నేను అప్పుడే చెప్పాను. "పిల్లనిచ్చాను. ఒక్క షరతు. ఈడు ఉల్లిపాయలు వాకిట్లో తరగాలి, పెరట్లో కాదు."

అప్పన్న హిందీ చేయకముందే జమున అరిచి మరీ చెప్పింది. మంచాల మీది వీరులంతా ఒక్కసారి లేచారు. మేక వచ్చినప్పుడు లేవనివాళ్లు! ముఖియా వేలికి గుడ్డ చుట్టుకుంటూ మనవడికేసి చూశాడు. బల్బీర్ లోపలికి వెళ్లి చాకు, బుట్ట తెచ్చి, మాకందరికీ ఎదురుగా కూర్చున్నాడు. ముసలాయన చాలాసేపు ఆ చేతులనే చూశాడు. మధ్యాహ్నం భోజనాలప్పుడు అందరూ యుద్ధాల కోసం ఎదురుచూస్తే, "ఖావో" అన్నాడు, తినమని. తిండి వేడిగా ఉంది.

రెండు రోజులుండి తిరుగు ప్రయాణం కట్టాను. అటు వెళ్లేవాళ్లు తెలుసుకోవలసిందేమిటంటే: టాటానగర్‌లో మంచి ఉక్కు దొరుకుతుంది, తేగ్వాలీల వాడలో తప్ప. వాళ్ల మగవాళ్లు బద్ధకస్తులు. వాళ్ల చరిత్రలో తేనె పాళ్లు ఎక్కువ. వాళ్ల ఆడవాళ్లకి నడుం నొప్పులు. తిండికి పిలిస్తే ముందే ఏదైనా తిని వెళ్లండి. మాట ఇస్తే మాత్రం నిలబడతారు, ఎంత తెలివితక్కువ మాటైనా సరే.

స్టేషనులో బల్బీర్ మళ్లీ మూటకి వంగాడు. ఈసారి ఇచ్చాను. "లోపల ముంత ఉంది, పగలగొట్టకు" అన్నాను.

మర్నాడు పలాసలో దిగేసరికి గేంగుమాను రాములు పట్టాల పక్కనే ఉన్నాడు. పార భుజాన పెట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏటి మామ్మా, కాదనీసి వచ్చీసావా?"

ఏం చెప్పను? ఇవ్వనని ఈ ప్లాట్‌ఫారం మీదే వాడితో గట్టిగా చెప్పి వెళ్లినదాన్ని.

"కొండ దిగొచ్చాన్రా" అన్నాను.